ఈడిపస్ చదవడం ఎలా: "అంతా తలరాత" అని పుస్తకం మూసెయ్యకుండా

మొదటి పని కథంతా ముందే తెలుసుకోవడం. స్పాయిలర్ అయిపోతుందేమో అని భయపడొద్దు. గ్రీకు నాటకకర్త సోఫొక్లిస్ ఈ "ఈడిపస్ రాజు" నాటకం ఆడించినప్పుడు ఏథెన్స్‌లో కొండవాలు మీద కూర్చున్న వేలమందికి ఈడిపస్ ఎవరో, చివరికి ఏమైపోతాడో ముందే తెలుసు, మనవాళ్ళు మాత్రం హరిశ్చంద్ర పద్యనాటకానికి కాటి సీన్ ఎలా ముగుస్తుందో తెలియక వెళ్తారా ఏంటి. స్టేజీ మీదున్నవాడికి తెలీదు, చూసేవాడికి తెలుసు, నాటకం మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది, కాబట్టి కథ తెలియకుండా చదివితే సగం మజా మీరే పోగొట్టుకున్నట్టు.

టూకీగా కథ ఇది. థీబ్స్ రాజు లాయస్‌కి అపోలో దేవుడి జోస్యం వస్తుంది, నీకు పుట్టే కొడుకు చేతిలోనే నీ చావు అని. పిల్లాడు పుట్టి మూడ్రోజులు కూడా కాకముందే చీలమండలు గుచ్చి కట్టేసి, కిథైరాన్ కొండ మీద పారేసి రమ్మని గొర్రెల కాపరికి ఇస్తారు. వాడు జాలిపడి ఇంకో కాపరికి ఇచ్చేస్తాడు, ఆ రెండోవాడు కొరింథ్ తీసుకెళ్ళి పిల్లల్లేని రాజు పాలిబస్ చేతిలో పెడతాడు. పెద్దయ్యాక ఒక విందులో తాగినవాడెవడో "నువ్వు మీ నాన్నకి పుట్టలేదు" అంటాడు. ఇంట్లో అడిగితే ఆ వాగినవాణ్ణి తిట్టారు గానీ ఈడిపస్‌కి మనసు కుదుటపడలేదు, అపోలో జోస్యం చెప్పే గుడి డెల్ఫీకి వెళ్ళి అడిగాడు. అపోలో అడిగినదానికి జవాబివ్వకుండా, నువ్వు నీ తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడతావు అని మాత్రం చెప్పి పంపించాడు. ఇంక కొరింథ్ గడప తొక్కకూడదని వేరే దారి పట్టాడు, మూడు దార్లు కలిసేచోట బండిలో వస్తున్న ఒక ముసలాయనతో తగువు, ఆయన ములుకోలతో నెత్తిన కొట్టాడు, ఈడిపస్ ఆయన్నీ వెంట ఉన్నవాళ్ళనీ చంపేశాడు, ఒక్కడు మాత్రం తప్పించుకున్నాడు. ఆ ముసలాయనే లాయస్, ఈడిపస్‌కి తెలీదు. తర్వాత థీబ్స్ చేరాడు, ఊరిని పీడిస్తున్న స్ఫింక్స్ అనే రాక్షసి పొడుపుకథ విప్పాడు, రాజయ్యాడు, విధవరాలైన రాణి జొకాస్టాని, తన కన్నతల్లి అని తెలీక, పెళ్ళి చేసుకున్నాడు, నలుగురు పిల్లలు.

ఇదంతా నాటకం మొదలయ్యే ముందే అయిపోయింది. ఈ ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. నాటకంలో మనం చూసేది ఒక్క రోజు మాత్రమే. ఊళ్ళో రోగం, పంటలు లేవు, పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతున్నారు, లాయస్‌ని చంపినవాడు ఇక్కడే ఉన్నాడు వాణ్ణి వెళ్ళగొట్టండి అని డెల్ఫీ నుంచి కబురు, ఈడిపస్ విచారణ మొదలుపెట్టడం, దొరికిన హంతకుడు తనే కావడం. బెంగుళూరు ఐటీ జనాలకి చెప్పాలంటే, ప్రొడక్షన్ పడిపోయింది, తప్పెక్కడ జరిగిందో తేల్చే ఆర్‌సీఏ కాల్ పెట్టి "ఇది ఎవడు చేశాడో వాణ్ణి వదిలేదే లేదు" అని అందరి ముందూ అన్న మేనేజరే, లాగ్స్ తవ్వుకుంటూ పోతే, ఎన్నో ఏళ్ళ కింద ఆ మార్పు పెట్టినవాడని తేలింది అన్నమాట.

పుస్తకం సంగతి

గ్రీకు రానక్కర్లేదు. రిచర్డ్ జెబ్ అనే ఆయన చేసిన పాత ఇంగ్లీష్ వచన అనువాదం నెట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, భాష కాస్త పాతకాలపు చర్చి ఇంగ్లీష్‌లా ఉంటుంది కానీ అర్థం విషయంలో నమ్మకం. పైకి చదువుకోవాలంటే మాత్రం కొత్త అనువాదం ఏదైనా తీసుకోండి, బెంగుళూరు చర్చ్ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్ షాపుల్లో నాటకాల షెల్ఫ్ దగ్గర కూర్చుంటే దొరక్కుండా ఉండదు. కొనేముందు పేజీ పక్కన లైన్ నంబర్లు ఉన్నాయో లేదో చూసుకోండి. మొత్తం 1530 లైన్లు, నేను కింద చెప్పేవన్నీ ఆ నంబర్లతోనే, మూల గ్రీకు లైన్లకి ఇచ్చిన నంబర్లే అవి, అనువాదంలో కాస్త అటూ ఇటూ అవ్వొచ్చు.

ఇంకోటి. మామూలుగా మూడు నాటకాలు కలిపి ఒకే పుస్తకంగా వేస్తారు, ఈడిపస్ రాజు, కొలొనస్‌లో ఈడిపస్, యాంటిగనీ. చూసి ఇదేదో మూడు భాగాల సిరీస్ అనుకుంటారు. కాదు. యాంటిగనీ ముందు రాశాడు, క్రీపూ 441 ప్రాంతంలో, ఈడిపస్ రాజు ఆ తర్వాత, కొలొనస్ ముసలితనంలో రాస్తే ఆయన పోయాక 401లో మనవడు ఆడించాడు. అందుకే యాంటిగనీలో క్రియోన్, అంటే జొకాస్టా తోడబుట్టినవాడు, ఎంత మొండివాడో చూసి ఈ నాటకంలో క్రియోన్‌ని కూడా అలాగే ఊహించుకోకండి, ఇక్కడ అతను చాలావరకు తిన్నగా మాట్లాడే మనిషి. అన్నట్టు ఇంత పేరున్న నాటకానికి పోటీలో మొదటి బహుమతి రాలేదట, ఇంకో పెద్ద నాటకకర్త ఎస్కిలస్ మేనల్లుడు ఫిలోక్లిస్ కొట్టేశాడంటారు, అతని నాటకం ఒక్కటి కూడా ఇప్పుడు మిగల్లేదు. జడ్జీల సంగతి అప్పుడూ అంతే.

రెండు రంగులు, ఒక చుక్క

ఇప్పుడు అసలు పద్ధతి. రెండు రంగు పెన్సిళ్ళు దగ్గర పెట్టుకోండి. దేవుడో జోస్యమో ముందే చెప్పినది ఎక్కడ కనిపించినా నీలం గీత. మనిషి తనంతట తాను, ఎవరూ చెయ్యమనకుండా, చేసింది ఎక్కడ కనిపించినా ఎర్ర గీత. నిజం చెవిన పడి కూడా బుర్రకెక్కని చోట పక్కన ఒక చుక్క. అంతే. విధా స్వేచ్ఛా అని ముందే తేల్చుకుని చదవడం మొదలుపెడితే నాటకం మీకేమీ చెప్పదు, మీరే నాటకానికి చెప్తుంటారు.

ఇలా గీస్తూ పోతే ఏమవుతుందంటే, నీలం గీతలన్నీ పాత సంగతుల మీదే పడతాయి. లాయస్‌కి చెప్పింది, ఈడిపస్‌కి చెప్పింది, రెండూ ఏనాటివో. ఈ రోజు జరిగేవాటి మీద దాదాపు అన్నీ ఎర్ర గీతలే. క్రియోన్‌ని డెల్ఫీకి పంపింది ఎవరు, ఈడిపస్. క్రియోన్ లోపలికెళ్ళి మాట్లాడదామా అంటే కాదు అందరి ముందే చెప్పు అన్నది ఎవరు, ఈడిపస్. హంతకుడికి ఎవరూ చోటివ్వొద్దు మాట్లాడొద్దు అని శపించింది, గుడ్డి జోస్యుడు టైరీసియస్‌ని పిలిపించింది, కాపరిని రప్పించింది, వాడు చెప్పనంటే చేతులు వెనక్కి విరిచి కట్టించింది, అన్నీ ఆయనే. హంతకుణ్ణి వెళ్ళగొట్టమని దేవుడు చెప్పాడు నిజమే, కానీ తన పుట్టుక తవ్వుకోమని ఏ దేవుడూ చెప్పలేదు. తండ్రిని చంపడం తల్లిని పెళ్ళాడ్డం జోస్యంలో ఉంది. అది *తెలుసుకోవడం* ఏ డెల్ఫీ జోస్యంలోనూ లేదు, అది ఈయన సొంత పని.

నాకు ఈ నాటకం గురించి చెప్పాలనిపించేది ఇదొక్కటే అసలు. చేసినవి చేతిలో లేవు, తెలుసుకోవడం చేతిలో ఉంది, ఆయన దాన్ని వదల్లేదు.

చుక్కలు పెట్టేచోట ఆగి ఆగి చదవండి

చుక్కల విషయంలో తొందరపడకండి, సరుకంతా అక్కడే ఉంది.

మొదటిది 264 దగ్గర వస్తుంది. లాయస్ కోసం నా కన్నతండ్రి కోసం పోరాడినట్టు పోరాడతాను అంటాడు. అన్నవాడికి అది మాటవరసకి అన్నది, విన్న ఏథెన్స్‌వాడికి ఒళ్ళు జలదరించి ఉంటుంది.

తర్వాత టైరీసియస్ సీన్, 300 నుంచి 462. దీనికే ఒక పూట కేటాయించినా తప్పులేదు. గుడ్డి ముసలాయన, జోస్యుడు, ఒక కుర్రాడు చెయ్యి పట్టుకుని నడిపిస్తే వస్తాడు. మొదట ఈడిపస్ ఎంతో మర్యాదగా, ఊరిని కాపాడేది మీరే అంటాడు. ఆయన నన్ను ఇంటికి పోనివ్వు, నీది నువ్వు మొయ్యి నాది నేను మోస్తాను అంటాడు. ఈడిపస్ బతిమాలి, కోప్పడి, చివరికి ఈ హత్య వెనక నువ్వే ఉన్నావు అనేదాకా వెళ్తాడు. అప్పుడు ముసలాయన 362లో, నువ్వు వెతుకుతున్న హంతకుడివి నువ్వే అని మొహం మీదే చెప్పేస్తాడు. 1530 లైన్లలో 362, నాలుగోవంతు కూడా అవ్వలేదు, నిజం బయటికొచ్చేసింది! ఇక మిగిలిన నాటకమంతా ఆ మాట ఆయన చెవి నుంచి బుర్రకి చేరడానికి పట్టిన టైమే.

ఎందుకెక్కలేదు అంటే చాలామంది "అహంకారం, కళ్ళు నెత్తికెక్కాయి" అనేస్తారు. అంత తేలిగ్గా తేల్చకండి. ఆయన వాదన చూడండి, స్ఫింక్స్ ఊరిని పీక్కుతింటున్నప్పుడు ఈ జోస్యుడు ఎక్కడున్నాడు, ఒక్క మాట చెప్పలేదే, ఏమీ తెలియని నేనొచ్చి నా తెలివితో విప్పాను, ఇప్పుడు క్రియోన్ పిలిపించమన్నాక వచ్చి నన్ను హంతకుడంటున్నాడు, నేను పోతే కుర్చీ ఎవరిది, క్రియోన్‌ది. నిజం చెప్పండి, మీరు ఆ స్థానంలో ఉంటే ఇది కుట్ర అనుకోరా? వాదనలో ఎక్కడా పెద్ద లోపం లేదు, ముగింపు మాత్రం తప్పు. తెలివితక్కువవాడికి ఇంత బాగా తప్పుదారి పట్టడం రాదు.

ఇదే సీన్లో 371, 413 పక్కపక్కన పెట్టి చదవండి. నీకు చెవులూ బుర్రా కళ్ళూ మూడూ గుడ్డివే అని ఈడిపస్ అంటాడు, నీకు కళ్ళున్నా నువ్వెక్కడున్నావో ఎవరితో కాపురం చేస్తున్నావో కనబడదు అని ఆయన తిప్పికొడతాడు. అందరూ ఎత్తి చెప్పే లైన్లు ఇవి. నాకైతే వీటికన్నా 435 దగ్గర జరిగే చిన్న విషయం ఎక్కువ ఇష్టం. ముసలాయన వెళ్ళబోతూ, నీకు పిచ్చోడిలా కనిపిస్తున్నానేమో గానీ నిన్ను కన్నవాళ్ళకి నేను బుద్ధిమంతుణ్ణే అంటాడు. ఈడిపస్ టక్కున ఆగిపోతాడు. "ఎవరు? ఆగు. నన్ను కన్నదెవరు?" అంటాడు. ఒక్క లైను. అంత కోపంలో కూడా, డెల్ఫీ దాకా మోసుకెళ్ళిన పాత ప్రశ్న పైకి తన్నుకొచ్చింది. ముసలాయన దానికి తిన్నగా చెప్పడు, ఈ రోజే నిన్ను కంటుంది ఈ రోజే నిన్ను చంపుతుంది అని చిక్కుముడి వేస్తాడు, ఈడిపస్ మళ్ళీ కోపంలో పడిపోతాడు. అక్కడ పెద్ద చుక్క పెట్టండి.

తర్వాత జొకాస్టా. పాపం మొగుడి భయం పోగొడదామనే మాట్లాడుతుంది, ఈ జోస్యాలు నమ్మకు, మా మొదటాయనకి కొడుకు చేతిలో చావు అన్నారు, ఆయన్నేమో మూడు దార్లు కలిసేచోట దొంగలు చంపారు, కొడుకునేమో పుట్టిన మూడ్రోజుల్లోపే చీలమండలు గుచ్చి కొండ మీద పారేయించాడు, అయిపోయె. ఇక్కడ 711 నుంచి 725 వరకు చాలా నెమ్మదిగా చదవండి. ఒకే మాటల ప్రవాహంలో రెండు సంగతులున్నాయి, మూడు దార్లు, గుచ్చిన చీలమండలు. ఈడిపస్ మొదటిదాన్ని పట్టుకుని వణికిపోతాడు, రెండోదాన్ని అసలు విననే వినడు. తన కాళ్ళ మీద ఆ మచ్చలు చిన్నప్పట్నుంచీ ఉన్నాయి, తర్వాత 1032 దగ్గర కొరింథ్ నుంచి కబురు తెచ్చిన మనిషి, అప్పట్లో పిల్లాణ్ణి పాలిబస్ చేతిలో పెట్టిన ఆ రెండో కాపరే, అడిగినప్పుడు ఆ పాత బాధ ఇప్పుడెందుకు అని ఒప్పుకుంటాడు కూడా. జొకాస్టా మాత్రం, ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ కాళ్ళు చూడలేదా? నాటకం ఆ ప్రశ్న వేయదు. మీ గ్రూపులో ఎవరో ఒకరు తప్పకుండా వేస్తారు, వేయనివ్వండి.

ఇంకో తమాషా. బతికి బయటపడ్డ ఒక్క సాక్షి, దొంగలు *చాలామంది* అని చెప్పాడు. ఈడిపస్ దాన్నే పట్టుకుని వేలాడతాడు, వాడు ఇప్పుడూ చాలామంది అంటే నేను కాదు, ఒక్కడు చాలామందితో సమానం కాలేడు కదా అంటాడు, 845లో. ఆ సాక్షిని పిలిపించేదే అందుకు. ఆ సాక్షి ఎవరో కాదు, పిల్లాణ్ణి కొండ మీద పారేసి రమ్మని ఇచ్చిన మొదటి కాపరే. తీరా వాడొచ్చాక ఆ ప్రశ్న ఎవరూ అడగరు! మధ్యలో కొరింథ్ మనిషి వచ్చి నువ్వు పాలిబస్ కొడుకువి కాదు అన్నాడు, అంతే, విచారణ హత్య మీంచి పుట్టుక మీదకి జారిపోయింది, సాక్షి దేనికొచ్చాడో అందరూ మర్చిపోయారు. మొదటిసారి చదివేవాళ్ళు దీన్ని గమనించరు. పోలీస్ నవలలు ఎక్కువ చదివేవాళ్ళు ఉంటే వాళ్ళే పట్టుకుంటారు.

చివరి చుక్క 1056 నుంచి. కొరింథ్ మనిషి మాటలు వింటూ జొకాస్టాకి అంతా అర్థమైపోయింది, నోట మాట లేదు, తర్వాత ఒక్కటే అంటుంది, వద్దు, ఇంక అడగకు, నీ ప్రాణం మీద తీపి ఉంటే అడగకు. ఈడిపస్‌కి ఏమనిపించింది? నేను బానిస కొడుకునని తేలితే ఆవిడకి పరువు తక్కువ అని బాధపడుతోంది, ఆడదాని గర్వం! ఆవిడ లోపలికి పరిగెత్తుతుంటే ఈయన బయట నిలబడి, నేను అదృష్టానికి పుట్టినవాణ్ణి నాకు సిగ్గేంటి అంటాడు. నాటకంలో ఈయన సంతోషంగా ఉన్న ఆఖరి నిమిషం అదే.

కాపరి సీన్ దగ్గర నీలం, ఎరుపు కలుస్తాయి

1110 నుంచి 1185 వరకు ప్రశ్న జవాబు ప్రశ్న జవాబు, చాలావరకు ఒక్కో లైనే. అది పైకి చదవకపోతే తెలీదు ఎంత వేగమో. కాపరి ఏడుస్తూ, అయ్యో చెప్పరాని మాట దగ్గరికొచ్చాను అంటాడు, ఈడిపస్, నేను వినరాని మాట దగ్గరికొచ్చాను, అయినా వినాల్సిందే అంటాడు. ఈ లైన్ 1170. ఎర్ర పెన్సిల్ విరిగేలా గీయండి. అప్పటికి ఆయనకి తొంభై తొమ్మిది పాళ్ళు తెలిసిపోయింది, అక్కడ ఆపేసినా బలవంతపెట్టేవాడు లేడు.

ఆ తర్వాత, పిల్లాణ్ణి చంపమంటే ఎందుకివ్వాల్సొచ్చింది అంటే కాపరి చెప్పే జవాబు, జాలేసింది దొరా, వేరే దేశం తీసుకెళ్ళిపోతాడులే అనుకున్నా. చూడండి, ఈ మొత్తం కథలో అందరికన్నా మంచి పని చేసింది వాడే, జోస్యం నిజమవ్వడానికి అందరికన్నా పెద్ద సాయం చేసిందీ వాడే. ఏ దేవుడూ దిగొచ్చి వాడి చెయ్యి పట్టుకోలేదు. లాయస్ భయం, కాపరి జాలి, పిల్లల్లేని పాలిబస్ ఆశ, తాగుబోతు నోటిదూల, ఈడిపస్ కన్నవాళ్ళకి హాని చేయకూడదని పారిపోవడం, అన్నీ ఎర్ర గీతలే, అన్నీ కలిపితే నీలం గీత. విధి అంటే ఈ నాటకంలో బయట్నుంచి వచ్చిపడేది కాదు, మనుషులు తమ స్వభావం కొద్దీ చేసుకుపోయినవే వెనక్కి తిరిగి చూస్తే అలా కనిపిస్తాయి, కనీసం నేను చదువుకున్నది అలా.

నిజం తెలిసి లోపల జొకాస్టా ఉరేసుకుంటుంది, ఈడిపస్ తన కళ్ళు పొడుచుకుంటాడు. బయటికొచ్చి 1329లో అంటాడు, ఇది అపోలో చేశాడు మిత్రులారా, నా ఈ కష్టాలు అపోలోవే, కానీ పొడిచిన చెయ్యి మాత్రం ఎవరిదీ కాదు, నాదే. ఆ లైన్ మీద రెండు రంగులూ గీయాలి. గుడ్డివాడవుతావని టైరీసియస్ పొద్దున్నే అన్నాడు, అయినా ఈయన ఆ చెయ్యిని దేవుడికి ఇవ్వడానికి ఒప్పుకోలేదు.

గ్రూపుగా చదివేటప్పుడు

ఒక్కరే చదువుకోవచ్చు, కానీ ఇది చదవడానికి కాదు వినడానికి రాసింది. మా సర్జాపూర్ రోడ్డు వైపు ఆదివారం పొద్దున్న అయితే ఏడెనిమిది మంది తేలిగ్గా పోగవుతారు, ఒకళ్ళు గుంటూరు, ఒకళ్ళు అనంతపురం, ఒకళ్ళు హోసూరులో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు. అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ బుక్ చేస్తే ఏసీ ఆపించండి, ఆ గోలలో కోరస్, అంటే ఊరి పెద్దలుగా పాటలు పాడే గుంపు, వినపడదు. పీజీలో ఉండేవాళ్ళకి టెర్రస్ చాలు. కన్నడ పక్కింటివాళ్ళు ఉంటే వాళ్ళనీ పిలవండి, గ్రీకు నాటకాల విషయంలో వాళ్ళు మనకన్నా ముందున్నారు, బి.ఎం. శ్రీకంఠయ్య సోఫొక్లిస్ రాసిన ఏజాక్స్‌ని తీసుకుని మహాభారతంలో పెట్టి 1929లోనే అశ్వత్థామన్ రాశారు, లంకేశ్ ఈడిపస్‌ని, యాంటిగనీని కన్నడంలోకి తెచ్చారు. అపోలో అంటే బన్నేరుఘట్ట రోడ్డు హాస్పిటలేగా అనే జోకు ఎవరో ఒకరు వేస్తారు, ఒకసారి నవ్వేసి ముందుకెళ్ళండి.

పాత్రలు పంచేటప్పుడు ఏథెన్స్ రూల్ పాటించి చూడండి. అక్కడ మాట్లాడే నటులు ముగ్గురే, మాస్కులు మార్చుకుంటూ అన్ని వేషాలూ వాళ్ళే వేసేవాళ్ళు, కోరస్ పదిహేను మంది విడిగా. ఆ రూల్ ఈ నాటకానికి పెడితే ఒక గమ్మత్తు బయటపడుతుంది. ఈడిపస్, కొరింథ్ మనిషి స్టేజీ మీదే ఉంటారు, జొకాస్టా లోపలికెళ్తుంది, ఒక పాట అవ్వగానే కాపరి వస్తాడు. ముగ్గురే నటులంటే కాపరి వేషం వేసేది జొకాస్టా వేసినవాడే అవ్వాలి. ఇప్పుడు ఒకే మనిషితో ఆ రెండు పాత్రలూ చదివించండి. జొకాస్టాగా "ఇంక అడగకు" అని బతిమాలిన గొంతే ఇంకో వంద లైన్లకి కాపరిగా "దేవుడి మీద ఒట్టు దొరా, ఇంక అడగొద్దు" అంటుంది. మాట ఒకటే, గొంతూ ఒకటే, ఈడిపస్ రెండుసార్లూ ఆగడు. పుస్తకంలో కళ్ళతో చదివితే ఇది ఎప్పటికీ దొరకదు.

లోపల ఏం జరిగిందో వచ్చి చెప్పే సేవకుడి మాటలు, 1223 నుంచి, మీలో బాగా చదివేవాళ్ళకివ్వండి, ఏడుపు గొంతు పెట్టకుండా చదవమనండి. చావులూ రక్తం స్టేజీ మీద చూపించరు, మాటలతోనే చెప్తారు, చనిపోయిన జొకాస్టా బట్టలకున్న చీర పిన్నులాంటి బంగారు పిన్నులు తీసి ఈడిపస్ ఒకసారి కాదు మళ్ళీ మళ్ళీ కళ్ళు పొడుచుకున్నాడని వివరంగా ఉంటుంది, చిన్నపిల్లలు చుట్టుపక్కల ఆడుకుంటుంటే ముందే పంపించేయండి.

చర్చలో రెండు మాటలు ఖాయంగా వస్తాయి. ఎంఏ ఇంగ్లీష్ చేసినవాళ్ళెవరైనా "ట్రాజిక్ ఫ్లా, గర్వం" అంటారు, అంటే నాయకుణ్ణి కూల్చేసే స్వభావలోపం అని, గైడ్లలో అదే ఉంటుంది మరి. జోస్యం వచ్చింది ఈడిపస్ పుట్టకముందు, అప్పటికి గర్వం ఎవరికుంది అని మెల్లగా అడగండి. అరిస్టాటిల్ కూడా ఈ నాటకాన్ని ఉదాహరణగా పెట్టుకుని చెప్పింది, మరీ మహాత్ముడూ కాని దుర్మార్గుడూ కాని మనిషి ఏదో పొరపాటు వల్ల కూలిపోవడం గురించే. తెలియక చేసింది పొరపాటు, పొగరుకి శిక్ష కాదు. మగపిల్లాడికి తల్లి మీద ఉండే మోహానికి ఈడిపస్ పేరు పెట్టిన ఫ్రాయిడ్‌ని కూడా ఎవరో తెస్తారు, ఈడిపస్‌కి తల్లి అని తెలిసుంటే ఆ ఊళ్ళో అడుగే పెట్టేవాడు కాదు అని ఒక్క ముక్క చెప్పి పక్కన పెట్టండి, లేకపోతే పొద్దంతా దానికే పోతుంది.

రెండోది, పెద్దవాళ్ళు ఎవరైనా "వినాశకాలే విపరీతబుద్ధి బాబూ, రాసిపెట్టింది తప్పుతుందా" అంటారు. కొట్టిపారేయొద్దు, "అవునండీ, అయితే ఏ సీన్లో అలా అనిపించింది మీకు" అని పుస్తకం చేతికివ్వండి. మా దగ్గర ఈ ప్రశ్న నుంచే ధృతరాష్ట్రుడు వచ్చాడు. విదురుడు చెప్పేది ఆయనకి ప్రతిసారీ అర్థమవుతుంది, నువ్వు చెప్పింది నిజమే అంటాడు, దైవం బలీయం అని నిట్టూరుస్తాడు, కొడుకు వైపే ఉండిపోతాడు. కళ్ళు లేకపోవడం ఆయనకి సాకు. ఈడిపస్ పూర్తిగా ఎదురు, చెప్తే ఎక్కదు గానీ, ఎక్కేదాకా వదలడు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి మాట్లాడితే తెలుగువాళ్ళకి విధి గురించి గంట మాట్లాడ్డానికి గ్రీకు పుస్తకాలేవీ అక్కర్లేదు.

దీని తర్వాత

వెంటనే కొలొనస్‌లో ఈడిపస్ చదవండి, కాస్త నిదానంగా నడుస్తుంది కానీ అక్కడ ముసలి ఈడిపస్ తన కేసు తనే వాదించుకుంటాడు. క్రియోన్‌తో అంటాడు, ఎవడైనా వచ్చి నిన్ను చంపబోతే నువ్వు మా నాన్నవా అని కనుక్కుని కొడతావా, ముందు కొడతావా? మొదటి నాటకంలో నాదే ఈ చెయ్యి అన్నవాడు ఇక్కడ నేను తెలిసి చేసింది కాదు అంటున్నాడు. రెండూ ఒకే మనిషి నోట పొసుగుతాయా లేదా అనేది మీ గ్రూపుకి మంచి పని.

యాంటిగనీలో కూడా టైరీసియస్ వస్తాడు, అక్కడ క్రియోన్ మాట వింటాడు, కాకపోతే ఆలస్యంగా, తను పూడ్చనివ్వని శవాన్ని ముందు పూడ్చి, ఆ శవాన్ని పూడ్చబోయినందుకు బంధించిన యాంటిగనీని తర్వాత విడిపించడానికి వెళ్తాడు. ఆ వరస తిరగేసి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. ఎస్కిలస్ రాసిన అగమెమ్నాన్ కష్టం, కోరస్ పాటలు పొడుగు, రెండోదో మూడోదో అయ్యాక పెట్టుకోండి.

యూరిపిడిస్ బాకే మాత్రం ఎప్పుడైనా వదలొద్దు. చివర్లో అగావె చేతిలో తల పట్టుకుని సింహాన్ని వేటాడానని మురిసిపోతూ వస్తుంది, అది తన కొడుకు తల. తండ్రి కాడ్మస్ ఆవిణ్ణి తిట్టడు, అరవడు, ముందు ఆకాశం వైపు చూడు అంటాడు. ఏమైనా తేడాగా ఉందా అని అడుగుతాడు. ఇందాకటికన్నా వెలుతురుగా ఉంది అంటుంది. నిన్ను ఎవరికిచ్చి పెళ్ళి చేశాం, నీ కొడుకు పేరేంటి, ఒక్కో ప్రశ్న. అన్నీ చెప్పాక, మరి చేతిలో ఉన్నది ఎవరి తల అంటాడు. టైరీసియస్ ఈడిపస్‌కి చెప్పిన పద్ధతి పక్కన ఇది పెట్టి చూడండి, అక్కడ నిజం విసిరికొట్టాడు, ఇక్కడ మెట్టు మెట్టుగా దించాడు.

స్టేజీ మీద చూడాలనిపిస్తే జేపీ నగర్ రంగశంకర ప్రోగ్రాం చూస్తూ ఉండండి, గ్రీకు నాటకం ఏదైనా పడితే టికెట్ తీసుకుని టైముకి ముందే లోపలుండండి, షో మొదలయ్యాక తలుపులు తియ్యరు, ట్రాఫిక్ అని చెప్పినా వినరు.